రెండు కప్పుల ఊలాంగ్

వదినా,

నువ్వు పంపిన చైనా ఊలాంగ్ టీలు రెండూ రోజూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంటున్నాం. పచ్చాకుది పూలవాసన, కాల్చినది పొగవాసన. ఆయనకు పచ్చదే ఇష్టం.

మొన్న టీ రంగు తెలియని మా నల్లకప్పులు తారుమారయ్యాయి. పొగవాసనదాన్ని పట్టుకుని, "అబ్బ, మల్లెపూలే!" అన్నారు. నాకు అనుమానం పట్టుకుంది. నిన్న వట్టి వేడినీళ్లు పోసిచ్చాను. తాగకముందే ఆవిరి పీల్చి, "ఇవాళ మరీ ఘుమఘుమలాడుతోందే!" అన్నారు.

నిలదీశాను. తల దించుకున్నారు.

"జ్వరం వచ్చినప్పటి నుంచీ ముక్కు పనిచేయట్లేదే. ఎవరితోనూ అనకు, ఉద్యోగం ఊడుతుంది."

గ్యాస్ గోదాములో లీకులు వాసన పట్టాల్సింది ఆయనే కదా వదినా! ఆ గోదాముకు మేనేజరు మా అన్నయ్యే. ఇవాళే అన్నయ్యతో చెప్పి ఈయన్ని వేరే పనిలోకి మార్పించు. చెప్పింది నేనేనని తెలిసి నామీద అలిగినా సరే, మనిషి ఇంటికొస్తే చాలు.

నీ ఆడపడుచు