అరుణాక్షి ఎవరిది?

1998 జూన్ 8, సోమవారం

ఈరోజు ఒక వింత లెటర్ వచ్చింది. హిందూపురం నుంచి. రాసినావిడ రిటైర్డ్ టీచర్, పేరు భాగీరథమ్మ.

నా టేబుల్ మీదికి మామూలుగా వచ్చేవి ఫిర్యాదులే. సాంబారు పొడిలో రాయి వచ్చిందనో, రసం పొడి ప్యాకెట్ సీలు ఊడిపోయిందనో. తెలుగు లెటర్లకూ కన్నడ లెటర్లకూ రిప్లై టైప్ చేయడమే అరుణాక్షి మసాలా కంపెనీలో నా ఉద్యోగం. మూడేళ్లుగా ఎంతమందికి చింతిస్తున్నామని రాశానో నాకే తెలీదు.

ఈవిడది ఫిర్యాదు కాదు, ప్రశ్న. ఇన్నేళ్లుగా మీ పొడులే వాడుతున్నాం, మీ కంపెనీ శాంతదీపం వాళ్లదట కదా, ఆ సంగతి ఎందుకు దాచారు అని. లెటర్‌తోపాటు ఒక జెరాక్స్ కాగితం పెట్టింది. యజమాని ఆవులప్ప ఉత్త బొమ్మేనట. అసలు ఓనర్ శాంతదీప మండలి అనే భజన సంఘమట. ప్యాకెట్ మీది అమ్మాయి నుదుట ఉన్నది బొట్టు కాదట, దీపమట. మిరపకాయల మీద మంత్రం చదివి పొడి కొడతారట. తిన్నవాళ్లు మెల్లగా వాళ్లలో కలిసిపోతారట.

నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. మా అమ్మ శాంతదీపంలోనే ఉంది.

రిప్లై రాయలేదు. డ్రాయర్‌లో పడేశాను.

జూన్ 10, బుధవారం

ఇవాళ ఏడు లెటర్లు. ఒకటి చింతామణి నుంచి. అది పెద్దాయన ఆవులప్పగారి సొంత తాలూకా. అక్కడివాళ్లకే అనుమానం వస్తే ఇంకెవరికి రాదు?

మధ్యాహ్నం సేల్స్ మేనేజర్ నర్సింహులు సార్ చిక్కపేట నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. హోల్‌సేల్ అంగళ్లవాళ్లు సరుకు వాపస్ తీసుకుపొమ్మంటున్నారట. ఆయనది పాలమూరు. కోపమొస్తే ఆ యాస బయటికొస్తుంది. గా కాగితం కొట్టించినోడు దొర్కితే ఊకోను అన్నాడు. నన్ను పిలిచి, మా కంపెనీకి ఏ మత సంస్థతోనూ సంబంధం లేదని మూడు వాక్యాల్లో రాయమన్నాడు. రెండు రాశాను. మూడోది, ఈ విషయం మాకు ఖచ్చితంగా తెలుసు, అనాలట. నాకెలా తెలుసు సార్ అని అడిగాను. తెల్వకుంటే తెల్సినట్టు రాయమ్మా, నిన్నెవరు సాక్ష్యం అడుగుతుండ్రు అన్నాడు.

రాశాను.

జూన్ 11, గురువారం

అమ్మ భజనకు వెళ్లొచ్చింది. గురువారం ఉప్పు ముట్టకూడదని శాంతదీపం వాళ్ల నియమం కదా, ఉప్పులేని అన్నం తిన్నాం. లెటర్ల సంగతి అమ్మకు నేనేమీ చెప్పలేదు.

జూన్ 14, ఆదివారం

ఎందుకు చెప్పలేదో రాసుకోవాలి. లేకపోతే నాకే అర్థం కావడం లేదు.

నాన్న పోయి రెండేళ్లు. ఉన్నట్టుండి, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే. ఆ రోజు నుంచి అమ్మ మాట్లాడటం మానేసింది. ఎనిమిది నెలలు. వంట చేసేది, బట్టలు ఉతికేది, పిలిస్తే చూసేది, నోరు మాత్రం విప్పేది కాదు. డాక్టర్లు మాత్రలు ఇచ్చారు. కె.ఆర్.పురంలో మా వీధి చివరి పాపక్క ఒక గురువారం అమ్మ చెయ్యి పట్టుకుని శాంతదీపం భజనకు తీసుకెళ్లింది. నాలుగో వారం అమ్మ ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, తిన్న్యావా పాపా అని అడిగింది. నేను బాత్రూంలోకి వెళ్లి ట్యాప్ తిప్పుకుని ఏడ్చాను.

అందుకే వాళ్ల గురించి నా నోట చెడు రాదు. అలాగని నమ్మకమూ లేదు. వాళ్లు ఒకరికొకరు ఎదురైతే 'శాంతం' అనుకుంటారు. పాటలు పాడతారు. అంతకుమించి నాకేం తెలీదు. ఇప్పుడు అదే ఇబ్బంది.

జూన్ 19, శుక్రవారం

ల్యాబ్‌లో లెన్స్ అడిగి తెచ్చుకుని బొట్టు చూశాను. పాత ప్యాకెట్ మీద గుండ్రంగా ఉంది. కొత్త ప్యాకెట్ మీద పైన సన్నగా, కింద లావుగా ఉంది. దీపమంటే దీపం. చింతగింజంటే చింతగింజ. డిజైన్ చూసే తేజస్‌ను అడిగాను. రెండేళ్ల కిందట బొమ్మ పైనుంచి అలాగే వచ్చింది, నేనేం మార్చలేదు అన్నాడు. పైనుంచి అంటే ఎవరు అని అడిగితే, పైనుంచి అంటే పైనుంచే అన్నాడు.

లంచ్‌లో ఇంకో సంగతి. ప్యాకింగ్ సూపర్‌వైజర్ ప్రేమకుమారి పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రేమక్క శాంతదీపం మనిషని అందరికీ ఎప్పుడో తెలుసు. గురువారం ఆమె టిఫిన్ బాక్సులో ఉప్పు ఉండదని ఆటపట్టించేవాళ్లు. ఇవాళ బెంచీ మొత్తం ఖాళీ. తలొంచుకుని తింటోంది. నేను వెళ్లి కూర్చుందామనుకున్నాను. అనుకుంటుండగానే గంట కొట్టేశారు.

జూన్ 28, ఆదివారం



పొద్దున అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, మీ కంపెనీలో ఏందో గలాటా అంట కదా అంది. ఎవరు చెప్పారన్నాను. భజనలో అందురూ అదే మాట్లాడుకుంటా ఉండారు అంది. ఆ తర్వాత నవ్వుతూ అంది, నేను మొదట చెప్పినప్పుడు ఎవురూ నమ్మలేదు, ఇప్పుడు చూడు, ఊరంతా తెలిసిపొయ్యింది.

మొదట ఏం చెప్పావమ్మా అన్నాను.

ఉగాదప్పుడు ఎవరో కొత్తామె అమ్మను అడిగిందట, మీ పాప ఏడ పని చేస్తాది అని. అరుణాక్షిలో అని చెప్పిందట. ఆ ప్యాకెట్ మీద మన దీపం ఉండాదే అన్నదట ఆమె. ఉండాది, అది మనదే కదా, మా పాప ఆడ రాతకోతలన్నీ చూస్తాది, ఆ పాపకు తెలీకుండా ఏం జరగదు అన్నదట అమ్మ. ఆ మాట చెబుతుంటే అమ్మ ముఖం వెలిగిపోతోంది. నాన్న పోయాక ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

ఎవరు చెప్పారమ్మా అది మనదని, అన్నాను. అమ్మ ఆలోచించింది. ఎవురూ చెప్పలేదు, నాకే అనిపించింది, కాదా ఏంది అంది.

కాదని చెప్పాలి. నోరు తెరిచాను. ఆ ఎనిమిది నెలలు గుర్తొచ్చాయి. తెలీదమ్మా అన్నాను.

అదీ అబద్ధం కాదు.

జూలై 2, గురువారం

ప్రేమక్కను పంపించేశారు. పద్నాలుగేళ్ల సర్వీసు. నర్సింహులు సార్ అందరి ముందూ అన్నాడు, లోపల ఉండి బయట ప్రచారం చేస్తే ఎట్ల అని. ఆమె నేనేం చేయలేదు సార్ అని ఒక్కసారే అంది. గేటు దాకా ఎవరూ వెళ్లలేదు.

నాకు తెలుసు ఆమె కాదని. ఆ ఫ్లోర్‌లో తెలిసింది నా ఒక్కదానికే. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

జూలై 3

రిప్లైలు నలభై ఒకటి. అన్నింటి కిందా నా సంతకం.

జూలై 7, మంగళవారం

పెద్దాయన గదిలోకి వెళ్లాను. మూడేళ్లలో ఇదే మొదటిసారి. ప్రేమకుమారి తప్పు లేదు సార్, ఆ మాట మా ఇంటి నుంచే పుట్టింది అని చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. ఆవులప్పగారు కళ్లద్దాలు తీసి కూర్చోమన్నాడు.

మరి నిజం కాదు కదా సార్ అని అడిగాను. నాకు కావాల్సింది ఒక్క మాట. కాదంటే చాలు, ఇంటికెళ్లి ఎలాగోలా అమ్మకు చెప్పుకుంటాను.

ఆయన కళ్లద్దాలు పంచె అంచుతో తుడిచాడు. చూడు అమ్మణ్ణీ, చెక్కబండి మీద మిరప్పొడి అమ్మేటప్పుడు ఇది నాదే అన్నాడు. రెండేండ్ల కిందట సగం బొంబాయి కంపెనీకి ఇచ్చినా. ఆ కంపెనీ ఇంకో కంపెనీదంట. అది ఎవురిదో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సంతకాలకు ఇద్దురు సూట్లేసుకోని వచ్చిరి. కొత్త డిజైన్ కూడా వాళ్లే పంపిరి. ఉప్పు బిస్కెట్లు పెట్టిస్తే ముట్టను కూడా ముట్టలేదు.

ఏ వారం సార్ అది, గురువారమా అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. గుర్తులేదు అన్నాడు. తర్వాత మళ్లీ అన్నాడు, నిజంగా గుర్తులేదప్పా.

ప్రేమక్క సంగతి అడిగితే తల దించుకున్నాడు. ఎవురో ఒకరు పోయినారంటే గాని అంగళ్లోళ్లు ఊరుకోలేదు, ఆయమ్మ పొయ్యినంక నాలుగు అంగళ్లు మళ్లా సరుకు దించుకున్యాయి అన్నాడు. కొన్నాళ్లు సుమ్నే ఉండు, ఎవురితోనూ ఏం మాట్లాడొద్దు అన్నాడు.

ఒక్క మాట కోసం వెళ్లాను. ఇప్పుడు అమ్మ మాటే నిజమేమో అనిపిస్తోంది. అప్పుడు నేను పంపిన రిప్లైలన్నీ ఏంటి?

జూలై 12, ఆదివారం

మడివాళ వెళ్లాను. మార్కెట్ వెనక సందులో, పీజీ అమ్మాయిలుండే మేడకింద ప్రేమక్క ఒక్క గది ఇల్లు. భర్త లేడు. కూతురు శైలజ పదో తరగతి. మంచం మీద ఇడ్లీపిండి గిన్నె, పుస్తకాలు.

అంతా చెప్పేశాను. అమ్మ మాట, నేను గోడకు ఆనుకుని నిలబడటం, పెద్దాయన మాట. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

ప్రేమక్క నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. అంటే నిజంగానే మనవాళ్లదా శశీ?

తెలీదక్కా అన్నాను.

ఆమె కళ్లలో ఆశ. మనవాళ్లదే అయితే నన్ను తీసేయనీరు కదా, పైన ఎవరికైనా తెలిస్తే పిలిపిస్తారు కదా అంది. శైలజ పుస్తకంలోంచి తలెత్తి, మనవాళ్లది కాబట్టే తీసేశారేమోనమ్మా, ఎవరికీ అనుమానం రాకుండా అంది.  ఎవరికీ నవ్వు రాలేదు.

జూలై 13, సోమవారం, ఉదయం 7:15

ఆఫీసులో ఇంకా ఎవరూ రాలేదు. ఒక కాగితం టైప్ చేశాను. ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటున్నాను.

'కంపెనీ గురించిన మాట పుట్టించింది ప్రేమకుమారి గారు కాదు. నేను. అది నిజమో కాదో నాకు తెలియదు. శశికళ, లెటర్స్ సెక్షన్.'

అమ్మ పేరు రాయలేదు. నేను అని రాయడం అబద్ధం. చివరి వాక్యం మాత్రం నిజం. ఈ నెల రోజుల్లో ఇక్కడ నేను టైప్ చేసిన నిజం అదొక్కటే అనుకుంటా. నోటీస్ బోర్డుకు నాలుగు పిన్నులు గుచ్చాను.

జూలై 14

నర్సింహులు సార్ చించేశాడు. అప్పటికే అందరూ చదివేశారు. లేదు అనమంటే తెల్వదు అని రాస్తవా, తెల్వదంటే అవుననే కదా అర్థం అని అరిచాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

లంచ్‌లో నా బెంచీ ఖాళీ.

జూలై 22, బుధవారం

ఉద్యోగం పోలేదు. గోడౌన్‌లో లేబుళ్లు చూసుకోమన్నారు. ఎందుకు ఉంచారో తెలీదు. పెద్దాయన దయ అని కొందరు, పైవాళ్ల ఆర్డర్ అని కొందరు అంటున్నారట. ప్రేమక్కను కూడా పిలిపించారు, హోస్కోటె యూనిట్‌కి. ఆమె ఫోన్ చేసి ఏడ్చింది. చూశావా, పైన మనవాళ్లు ఉండారు అంది.

ఉన్నారేమో. లేదా పెద్దాయనకు నిద్ర పట్టలేదేమో. రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

అక్టోబర్ 30, శుక్రవారం

లెటర్స్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి శిరీష గోడౌన్‌కి వచ్చి ఒక లెటర్ చూపించింది. ఇప్పుడు అరుణాక్షి కాశీలో ఏదో మఠానిదట. బొట్టు బొట్టు కాదట, గంట అట. ఏం రిప్లై రాయాలక్కా అని అడిగింది.

నాకు తెలీదని చెప్పాను.

1999 మార్చి 4, గురువారం

అమ్మ బలవంతం మీద మొదటిసారి భజనకు వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో ముసలావిడ వంగి నా కాళ్లు తాకింది. ముందు వరసలో చోటిచ్చారు. నా గురించి వాళ్లేం విన్నారో అడగలేదు. అమ్మ గొంతెత్తి పాడుతోంది. కూర్చున్నాను.