కాకికి పెట్టిన ఇప్పపువ్వు గారెలు

జైనూర్ నుంచి అవ్వ రాసేది. దుర్గవ్వా, నేనూ మీ బాపూ బాగానే ఉన్నాం, నా ఫికర్ చేయకు.

నీ తమ్ముడు ఇస్తారి పోయినాక వచ్చిన మొదటి పెత్తర అమాస, పోయినోళ్లకు బువ్వ పెట్టే అమాస, మొన్న చేశాం. వాడికి ఇష్టమని గారెలు చేసి ఇప్పపువ్వు రసంలో ముంచాను. అమాస ఎప్పుడో లెక్క తప్పి, పువ్వును మూడు రోజుల ముందే కుండలో నానబెట్టాను. రసం పులిసి వాసన కొట్టింది, అయినా పారబోయ మనసు రాలేదు. పెరట్లో విస్తరి పెడితే ఒక్క కాకీ రాలేదు. బిడ్డ నా మీద అలిగాడని ఏడుస్తూ కూర్చున్నాను. ఆఖరుకు ఒక కాకి దిగి మూడు గారెలు తిన్నది. తిన్నాక ఎగరలేక గోడ మీద తూలుతూ కూర్చుంది.

మీ పెద్దమ్మ పోచవ్వ, "ఏందే, కాకికి కల్లు తాపినవా?" అని అడిగింది.

మీ బాపు, "ఊకో వదినె. మావోడు గట్లనే, కడుపునిండ తింటే జాగ కదలడు" అన్నాడు.

ఏడ్చేదాన్ని ఏడుపులోనే నవ్వాను.

అల్లుడి దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తే మీ జమ్మికుంట పత్తి రెండు సేర్లు పంపు, మెత్తలు కుట్టాలి.

కాకి పొద్దుగూకే దాకా పోలేదు. నేనూ ఇంట్లోకి పోలేదు, దానికి నీ ముచ్చట్లన్నీ చెప్పాను. నువ్వూ అల్లుడూ చల్లగా ఉండాలి.

మీ అవ్వ