ఈల కోసం నిలబడినవాళ్లు

విజయనగరం,
శుక్రవారం.

ప్రేమగల అమ్మకు షాలిని వందనాలు.

బావ చేత పంపిన నీ ఉత్తరం అందింది. దేవుని దయవల్ల నాన్న, నేను బాగానే ఉన్నాం. 'అందరం' అని రాయబోయి కలం ఆపేశాను. బాబు నీ గొంతు వింటేనే నవ్వుతున్నాడని రాశావు కదా, నాన్న ఆ మాట మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. అక్కను ఇంకొన్నాళ్లు బరువులు ఎత్తనివ్వకు. రాయగడలో చలి ఎక్కువని విన్నాం, నువ్వూ జాగ్రత్త.

ఇంత రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నా గొంతు వినగానే పసిగట్టేస్తావని భయం.

"రొయ్యల కంపెనీలో ఆడవాళ్లు నీ మాట వింటున్నారా, చిన్నదానివని కొట్టిపారేస్తున్నారా?" అని అడిగావు. విన్నారమ్మా. విన్నందుకే ఇలా అయింది.

మా కంపెనీలో రొయ్యల్ని గడ్డకట్టించడానికి అమ్మోనియా గ్యాసు వాడతారు. అది లీకైతే వలిచే హాల్లోంచి ఆడవాళ్లు ఎలా బయటపడాలో నేర్పడమే నా ఉద్యోగం. నేను నేర్పిన పద్ధతి ఇది: ముందు వరసలో నిలబడాలి, ముందున్న మనిషి భుజం మీద చెయ్యి వెయ్యాలి, నేను ఈల వేశాక వెనక తలుపు తీసుకుని వెళ్లాలి. ఎంత చక్కగా చేసేవారో! మేనేజరు ఫొటోలు తీయించి గోడకు పెట్టించాడు.

సోమవారం పొద్దున కొత్త బూట్లు దింపించడానికి నేను గేటు దగ్గరికి వెళ్లాను. ఇంతలో ఘాటు వాసన ముక్కును కోసేసింది. సైరన్ మోగలేదు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని పరిగెత్తాను. వాళ్లు ఈపాటికి బయట ఉంటారనే అనుకున్నాను. హాలు వెనక ఒక్కరూ లేరు. ఇనప తలుపు వేసే ఉంది.

లాగి తీశాను. అమ్మా, ఆ దృశ్యం కళ్లు మూసినా పోవడం లేదు. లోపల తెల్లగా పొగ. ఆ పొగలో అందరూ వరసగా, భుజాల మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. కళ్లు కారిపోతున్నాయి, దగ్గుతో వంగిపోతున్నారు, అయినా ఎవరూ వరస వదల్లేదు. తలుపు ముందున్న చిన్నతల్లికి చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ నన్ను చూసి, "ఈల ఎయ్యి మేడం, ఎయ్యవేటి!" అని ఏడ్చింది.

ఈల వెయ్యడానికి నాకు ఊపిరి లేదు. చేతికందినవాళ్లనల్లా బయటికి లాగాను. వరస చివర ఉన్నావిడ అప్పటికే పడిపోయింది.

మర్నాడు మేనేజరు, "చదువులేని మనుషులు, ఎంత చెప్పినా ఎక్కదు. కార్మికుల పొరపాటని రాసి ఇచ్చెయ్" అన్నాడు.

"ఎక్కింది సార్. ఎక్కింది కాబట్టే కదల్లేదు" అన్నాను. విచారణకు వచ్చిన అధికారుల ముందూ అదే చెప్పాను. సైరన్ సంగతీ చెప్పాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు.

ఆ సాయంత్రం చిన్నతల్లి ఇంటి అరుగు మీద అందరం కూర్చున్నాం. తలుపు ఎందుకు తియ్యలేదని అడిగాను. వరసలో చిన్నతల్లి వెనకే నిలబడిన ఈశ్వరి నోరు విప్పింది.

"తియ్యాలని నాకు తెలుసు మేడం. సెయ్యి కూడా ఎత్తినాను. మొన్నోపాలి ప్రాక్టీసులో నాను ముందే తలుపు తీసేస్తే నువ్వేటన్నావు? 'నీకు తొందరెందుకు, చెప్పింది చెయ్యి' అని అందరి ముందూ అన్నావు. అదే గుర్తొచ్చినాది. దించేసినాను."

తుఫానులో పిల్లల్నీ ముసలివాళ్లనీ నడుంలోతు నీళ్లలో దాటించిన మనిషమ్మా ఈశ్వరి. అలాంటి మనిషికి నేను ఒకటో తరగతి పిల్లకు నేర్పినట్టు నేర్పాను. ఆవిడకున్న తెగువను నేనే తీసేశాను.

"అయితే ఎలా చేద్దామో మీరే చెప్పండి" అన్నాను. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. వాసన ముందు ఎవరికి తగిలితే వాళ్లే అరవాలన్నారు. నేల జారుతుంది కాబట్టి భుజాలు కాదు, బల్ల అంచు పట్టుకోవాలన్నారు. తలుపుకు ఎవరు దగ్గరుంటే వాళ్లే తియ్యాలన్నారు. నిన్న ఖాళీ హాల్లో కళ్లకు గుడ్డలు కట్టుకుని చేసి చూశాం. మొదట గుద్దుకున్నారు, తిట్టుకున్నారు. సరిదిద్దబోయి నాలుక కరుచుకున్నాను. ఎక్కడ తప్పిందో వాళ్లే మాట్లాడుకుని, మళ్లీ చేశారు. ఈసారి నేను బయట నిలబడ్డాను. తలుపు లోపలి నుంచి ధడేల్మని తెరుచుకుంది.

ఇక నీ చివరి ప్రశ్న. శాంతి పిన్ని ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. వరస చివర పడిపోయింది పిన్నేనమ్మా. నా మాట మీదే ఆ పనిలో చేరింది కదా. ఆసుపత్రిలో ఉంది, ప్రాణభయం లేదన్నారు. ఊపిరితిత్తులు కాలాయి, మానడానికి నెలలు పడుతుందట. గొంతు రావడం లేదు.

అంబులెన్సులో పిన్ని తల నా ఒళ్లో ఉంది. దారిలో కళ్లు తెరిచి పెదాలు కదిపింది. నీళ్లు అడుగుతోందనుకుని చెవి దగ్గర పెట్టాను.

"ఏటే షాలినీ... నాను వరస తప్పనేదు గదా?" అంది.

నువ్వు బయల్దేరి రా అమ్మా. పిన్నికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీ చిన్న కూతురు
షాలిని