లేచి వెళ్ళినవాళ్ళు

నాన్నగారికి,

విలీనం కమిటీ పనుల మీద మీరు ఆదివారం దాకా పట్నంలోనే ఉంటారని అమ్మ చెప్పింది. మీరు ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు. అందుకే రాస్తున్నాను. సగం చదివి జేబులో పెట్టేయకండి.

మొన్నటి గ్రామసభ గురించే. మన ఊరినీ చుట్టుపక్కల ఆరు పల్లెల్నీ పట్నంతో కలిపి ఒకే మున్సిపాలిటీ చేస్తామని, దానికి ఊరి సమ్మతి కావాలని పట్నం అధికారి చెబుతున్నప్పుడు మినిట్స్ పుస్తకం నా ఒళ్ళో ఉంది. పంచాయతీ గుమస్తాగా రెండేళ్ళుగా అది నా పనే. ఇంటింటికీ కుళాయి, గంటకో బస్సు, వీధిదీపాలు వస్తాయన్నారు. పశువులు మేసే బీడు మాత్రం పట్నం చెత్త పోయడానికి ఇవ్వాలట. ఆ మాట చివర్లో, గొంతు తగ్గించి చెప్పారు.

పాల పెద్దమ్మ లేచింది. ఆవిడ వెనకే వడ్రంగి, తర్వాత వరసకి వరస. ఎవరూ ఏమీ అనలేదు. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. మన ఊళ్ళో కాదనడమంటే అదే కదా. ప్రెసిడెంటుగా ఉన్న మీ మొహం మీద ఎవరూ కాదనరు, లేచి వెళ్తారు. తాతగారు ప్రెసిడెంటుగా ఉన్న రోజుల్లోనూ ఖాళీ అయిన కుర్చీలే లెక్కపెట్టేవారట. ఆ రోజు నేనూ లెక్కపెట్టాను. అరవై మూడు. కూర్చున్నవాళ్ళు నలభై ఏడు.

అధికారికి మన పద్ధతి ఏం తెలుసు? పాలు పితికే వేళయిందనుకున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఎత్తాల్సినవాళ్ళంతా అప్పటికే ఇళ్ళకి చేరారు. "సరే, ఏకగ్రీవం. రాసుకోండమ్మా" అన్నారు. నేను మీ వైపు చూశాను. మీరు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

రాశాను నాన్నా. ఒక్క కొట్టివేత లేకుండా, కాన్వెంటులో బహుమతులు తెచ్చిన చేతిరాతతో రాశాను. మర్నాడు పాలు పోస్తూ పెద్దమ్మ అడిగింది, "ఎంతమందిమి లేచామో రాశావు కదమ్మా? నువ్వున్నావనే నిశ్చింతగా పోయాం" అని. తలూపాను. అబద్ధం చెప్పడానికి నోరు తెరవక్కర్లేదని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఆ పాలు నాకు సహించడం లేదు.

కొత్త కౌన్సిల్లో మీకు పెద్ద పదవి ఇస్తామన్నారని ఊరు అనుకుంటోంది. అది నేనడగను. పుస్తకం సవరించమని మీరే చెప్పండి. మీ నోటితో వస్తే మీకే గౌరవం.

మీ గువ్వ

*

నాన్నగారికి,

బస్సు కండక్టరు చేత మీరు పంపిన చీటీ అందింది. రెండే వాక్యాలు. ఊరి బాగు మీకు తెలుసట. గువ్వ గువ్వలా ఉండాలట.

కాన్వెంటులో మదర్ మాకు తల వంచుకోవడం బాగా నేర్పారు. చూసింది ఒకటి, రాసేది ఒకటి అని మాత్రం నేర్పలేదు. ఈ పొద్దున పుస్తకం తెరిచాను. పాత పేజీ చింపలేదు, కొట్టెయ్యలేదు. దాని కిందే రాశాను: అరవై మూడు మంది లేచి వెళ్ళారు, ఈ ఊళ్ళో దానర్థం వ్యతిరేకత, ఆ సంగతి తెలిసి కూడా నేను రాయలేదు, తప్పు నాది. సంతకం పెట్టాను. ఒక నకలు అధికారికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఇంకోటి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాను. మూడో మనిషి చెప్పగా మీరు వినకూడదని ఈ ఉత్తరం.

ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి. ఆఫీసు బీరువా తాళాలు అమ్మ దగ్గరున్నాయి. అమ్మకి అంతా చెప్పాను. "మీ నాన్న కోపం పాలపొంగు. ఇన్నేళ్ళూ నీళ్ళు చల్లుతూనే ఉన్నాను. ఈసారి నువ్వు చల్లకు" అంది.

చల్లను.

మీ అమ్మాయి

*

నాన్నగారికి,

నా నకలు చూసి అధికారి రెండోసారి పెట్టించిన సభ జరిగి పదహారు రోజులు. అప్పటి నుంచి మీరు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అమ్మనే అడుగుతున్నారు. కాబట్టి ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఉత్తరమే రాస్తున్నాను.

ఆ రోజు నేను రాసింది నేనే చదవాల్సి వచ్చింది. చివరి మాట దాకా చదివాను, మీరూ విన్నారు. అధికారి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, నోటితో చెప్పమన్నారు. పాల పెద్దమ్మ కొంగు బిగించుకుని మీ కళ్ళలోకే చూసింది. "ప్రెసిడెంటుగారూ, పట్నంతో కలుస్తాను. బీడు ఇవ్వను" అంది. లేచి వెళ్ళినవాళ్ళంతా విలీనమే వద్దంటున్నారని నేనూ అనుకున్నాను కదా. వాళ్ళకీ కుళాయి కావాలి, బస్సు కావాలి. చెత్తే వద్దు. వాళ్ళ మనసులో ఏముందో మీరూ అడగలేదు, నేనూ అడగలేదు. నలుగురు తప్ప అందరూ అదే మాట చెప్పారు. అదే రాశాను.

షరతులు పెట్టే హక్కు గ్రామసభకి లేదని, బీడు సంగతి కొత్త కౌన్సిల్ తేలుస్తుందని అధికారి అన్నారు. ఇంటికొచ్చాక అమ్మతో మీరన్న మాట నాకు వంటింట్లోకి వినబడింది: "తేల్చుకోనీ. అక్కడ మన వార్డు నుంచి కూర్చునేది నేనేగా. చెత్త ఎక్కడో ఒకచోట పోయాలి."

నిన్న నేను పట్నం వెళ్ళింది లైబ్రరీకి కాదు నాన్నా. కొత్త కౌన్సిల్ ఎన్నికలకి మన వార్డు నుంచి నామినేషన్ వేసి వచ్చాను. మీ మీదే. గుమస్తా పనికి రాజీనామా కూడా ఇచ్చాను. గడప గడపకీ వెళ్ళి ఓటడగాలంటే తలుచుకుంటేనే చెమట పడుతోంది. తుడుచుకుంటూ తిరుగుతాను. ఈసారి ముందు అడుగుతాను, తర్వాత రాసుకుంటాను.

నన్ను ప్రతిపాదించింది ఎవరని మీరు ఆరా తీస్తారు. ఆ శ్రమ వద్దు. పెద్దమ్మ సంతకం పెడతానని వచ్చింది గానీ, అమ్మ కాగితం తనవైపు లాక్కుంది. తీరిగ్గా, విడివిడి అక్షరాలతో సంతకం పెట్టింది. ఇంట్లో ముగ్గురం ఎన్నికల్లో పడితే, రేపు అవి అయ్యాక వంట ఎవరు చేస్తారని అడిగాను.

"ఓడినవాళ్ళు" అంది.

మీ కూతురు