వెదురు గెడతో మంచుకొండ

బదరీ, జూన్ 1936

నాన్నగారికి నమస్కారాలు. నేను కులాసా.

నిన్న ఒక్కణ్ణే మంచుకొండ ఎక్కి దిగాను. పొట్టి చేతికర్ర చాలని ఇక్కడివాళ్ళు చెప్పినా వినక, మన దోనె తోసే గెడంత పొడుగు వెదురు కొన్నాను. అంతా నవ్వారు. సగం కొండలో నడుందాకా మంచులో కూరుకుపోయాను. కొల్లేటి బురదలో మీరు నేర్పినట్టే, కాళ్ళు తన్నుకోకుండా గెడ అడ్డంగా పడేసి, దానిమీద బోర్లా పడుకుని పాక్కుంటూ బయటపడ్డాను. పైనుంచి చూస్తే కిందంతా మబ్బు, తెల్లవారుజామున మన కొల్లేరులాగే ఉంది.

నా దోనెకు తారు పూయించారా? తమ్ముడు సత్తిబాబుకు మాత్రం ఇవ్వకండి, చిల్లు పెడతాడు. చెల్లి వరహాలుకు ఆశీస్సులు.

ఈ కార్డు చదివి వినిపించే సోమసుందరం మాస్టారికి మనవి: అమ్మ అక్కడే ఉంటే, మంచులో కూరుకుపోయిన ముక్క దాటెయ్యండి. ఈ మాట మొదటే రాయవలసిందండీ.

రామకోటి