గెడ్డలో చేపలు తేలిన రోజు

అనంతగిరి,
మే 12

ఫల్గుణ గారికి రమణి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మన గుంట స్వర్ణా, మామయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ మంచుకొండల మీద మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ పోస్టులో ఫోన్ సిగ్నల్ లేదని రాశారు. నాకూ ఉత్తరమే నయం. ఈ సంగతి ఫోనులో చెప్పలేను.

స్వర్ణ రెండో తరగతి పాసైంది. మామయ్య మోకాలి నొప్పి తగ్గింది. "నాన్న ఈ ఎండాకాలం గెడ్డకి వెళ్తున్నాడా?" అని మీ ఉత్తరంలో అడిగారు. మామయ్య వెళ్లి ఆ వాగు ఒడ్డున ఊరికే కూర్చుంటున్నాడు. గేలం పట్టుకెళ్లడం లేదు.

సెలవు దొరక్క మీరు అత్త పోయాక చేసిన పెద్దదినానికి రాలేకపోయారు కదా. ఆవిడకి ఇష్టమని మామయ్య గెడ్డ చేపలే పెట్టాలన్నాడు. కోడి ఈక చుట్టిన గేలాన్ని నీటి మీద ఈగలా ఆడిస్తూ నాలుగు రోజులు నిలబడ్డాడు. పదకొండు పడ్డాయి. వేలెడంత పిల్లల్ని మళ్లీ నీళ్లలోకే వదిలేశాడు.

"నలబై మందొత్తారు మావా, ఏటి పెడతాం?" అన్నాను.

"గెడ్డ ఇచ్చింది ఇంతేనే. ఉన్నదే పెడదాం."

కొడుకు లేడు, కోడలు చారుతో సరిపెట్టిందని చుట్టాలు అంటారేమోనని నాకు ఒకటే బెంగ.

మర్నాడు గెడ్డ మడుగు నిండా చేపలు వెల్లకిలా తేలాయి. ఎర్రతోకవి, గుడ్లతో ఉన్నవి, వెంట్రుకంత పిల్లలు. రెండు గంపలు తెచ్చి, ఎవరో బ్లీచింగ్ పొడి పోశారని చెప్పాను. చుట్టాలు కడుపారా తిన్నారు. మామయ్య ముట్టలేదు.

ఆ పొడి పోసింది నేనే. బావిలో వేయడానికి ఇంట్లో ఉంచినదే. పైనుంచి వచ్చే నీళ్లు బేగి కడిగేస్తాయనుకున్నాను.

నిన్న పొద్దున్న మామయ్య దగ్గర కూర్చుని చెప్పేశాను.

"నాకెరికే," అన్నాడు. "ఆ దినం అన్నం వడ్డిత్తన్నప్పుడే నీ సేతులు వాసనేసాయి."

"మరి అడగనేదేటి మావా?"

"సుట్టాల ముందు నీ తల దించనా? ఆడు ఊళ్లో లేనప్పుడు నిన్ను నేనే గదా కాసుకోవాల."

నాకు దుఃఖం ఆగలేదు. వానలకి కింది గెడ్డ నుంచి చేపలు ఎక్కుతాయా అని అడిగాను.

"గుడ్లున్నవి కూడా పోనాయి గదే. ఎక్కినా, మడుగు నిండేదాకా నేనుండను."

తల మీద చెయ్యి వేశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మీరు తిడుతూ రాసినా సరే, జవాబు రాయండి. సెలవుకి వచ్చినప్పుడు మడుగు ఖాళీగా కనబడుతుంది. ఎవరు చేశారని దారిలో ఎవరినీ అడగకండి. నేరుగా ఇంటికి రండి.

ఇట్లు,
మీ భార్య
రమణి