పంపకాల్లో మీకొచ్చిన బిగింపు

బావగారికి నమస్కారాలు. మీకు ఎదురుపడి మాట్లాడి ఎరగను. ధైర్యం చేసి రాస్తున్నాను, మన్నించండి.

మా రిపేరు షెడ్డులో పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. ముందు స్ప్రింగులు కుంగి దాని మూతి నేలకు రాసుకుంటోంది. మీ తమ్ముడు కొత్త స్ప్రింగులు వేసి నాలుగు వేళ్ల ఎత్తు లేపాలి. మీరిద్దరూ విడిపోయినప్పుడు స్ప్రింగును నొక్కిపట్టే బిగింపు మీకు వచ్చింది, జాకీ మాకు వచ్చింది. అందుకని ఆయన స్ప్రింగును తాళ్లతో కట్టి నొక్కుతున్నారు.

నిన్న తాడు తెగింది. స్ప్రింగు ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి, రేకు తలుపును చీల్చుకుని వీధిలో పడింది. నేను కేక పెడితే, "ఏం కాలేదులేవే, గాలాడటం లేదన్నావుగా, ఇదిగో కిటికీ!" అని నవ్వారు.

రేపు మళ్లీ తాళ్లతోనే కడతారట. "బావగారిని అడగండి" అన్నాను. "చచ్చినా అడగను" అన్నారు.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున్నే బిగింపు తీసుకుని రండి. నేను రాశానని చెప్పకండి, కారు చూడాలనిపించి వచ్చానని చెప్పండి. పాత కారంటే మీరు ఆగలేరని ఆయనకు తెలుసు.

మీరు కార్లను ఇటుకల మీద నిలబెట్టి కిందకి దూరుతున్నారని అక్క ఏడుస్తూ కబురు చేసింది. జాకీని తుడిచి తలుపు దగ్గరే పెట్టాను. వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.

మీ మరదలు